చంకలో ఒకరు, కడుపులో ఒకరు: రెండో పురుటికి పెద్దబిడ్డని సిద్ధం చేసుకోవడం ఎలా

మా పెద్దాడికి రెండేళ్ళు నిండిన నెలలోనే నాకు మళ్ళీ నెల తప్పింది. రథసప్తమి వెళ్ళిన వారం అనుకుంటా. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మాటలన్నీ కడుపు చుట్టూనే. ఏ డాక్టరు, ఏ ఆస్పత్రి, పుట్టింటికి ఎప్పుడు, పేరేం పెడదాం. వాడు మాత్రం ఎప్పట్లాగే నా కొంగు వేలికి చుట్టుకుని నిద్రపోయాడు. ఇంకో తొమ్మిది నెలల్లో తన పక్క, తన పాలు, తన స్నానం అన్నీ మారిపోబోతున్నాయని వాడికేం తెలుసు?

రెండో కాన్పుకి సిద్ధం కావడమంటే నా లెక్కలో సగానికి సగం పెద్దబిడ్డ పనే. పుట్టబోయేవాళ్ళకి కావలసింది పాలు, వెచ్చదనం, టీకాలు. అవన్నీ మొదటిసారే నేర్చుకుని ఉంటారు. చంకలో ఉన్న బిడ్డ దగ్గర్నుంచి ఏమేం తీసేస్తున్నాం, ఎప్పుడు తీసేస్తున్నాం అన్నది మాత్రం మనకెవరూ నేర్పరు. నేను కొన్ని సరిగ్గా చేశాను, కొన్ని ఆలస్యంగా తెలుసుకున్నాను. మీరు ఈ వరసలో చేసుకు రండి.

ముందు మీ ఒంటి సంగతి

ఇంకా ఆలోచనలోనే ఉన్నారంటే తొందరపడకండి. ఒక కాన్పు అయ్యాక మళ్ళీ గర్భం రావడానికి కనీసం రెండేళ్ళు ఎడం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మొదటిది ఆపరేషన్ అయితే ఈ ఎడం మరీ ముఖ్యం, లోపలి కోత గట్టిపడాలి కదా. అప్పటి డిశ్చార్జి కాగితం ఎక్కడుందో వెతికి పట్టుకోండి. ఆపరేషన్ ఎందుకు చేశారో అందులో రాసి ఉంటుంది, ఈసారి చూసే డాక్టరు మొదట అడిగేది అదే.

నెల తప్పిందని తేలగానే ఆశా వర్కరుకో ఏఎన్ఎంకో చెప్పి పేరు రాయించుకోండి. పోయిన కాన్పులో ధనుర్వాతం టీకా రెండు డోసులూ వేయించుకుని, మూడేళ్ళలోపే మళ్ళీ గర్భం వస్తే ఈసారి ఒక్క బూస్టరు చాలు. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి 180 రోజులు ఐరన్ మాత్ర, దాంతోపాటు క్యాల్షియం. ఐరన్, క్యాల్షియం కలిపి ఒకేసారి మింగొద్దు, ఐరన్ ఒంటికి పట్టదు. టీతో కూడా అంతే. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. మొన్నటిదాకా పాలిచ్చి, పొద్దస్తమానం పిల్లాడి వెనక పరిగెత్తిన ఒంట్లో రక్తం అంత తేలిగ్గా నిలవదు. చోడి (రాగి) అంబలి, మునగాకు, నువ్వులుండలు బాగా తినండి, కానీ అవి మాత్రకి బదులు కావు. ఇంకో మాట. అంగన్‌వాడీలో గర్భిణి అని మీకిచ్చే గుడ్డు, పాలు మీరే తీసుకోండి. మీ గుడ్డు పిల్లాడి నోట్లో పెట్టడం మనందరికీ ఉన్న అలవాటే. వాడికి వేరే ఉడకబెట్టండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఆ రోజు వంట ఎవరికైనా అప్పజెప్పి వెళ్ళి రండి.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వాళ్ళయితే, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుంటే మొదటి పరీక్షకే ఆ మాట చెప్పండి. బీపీతోపాటు, కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చూడమని అడగండి. నడుం నొప్పికని మందుల షాపులో మాత్ర కొని వేసుకోవద్దు.

రెండోసారి వచ్చే ఇబ్బంది ఇంకోటుంది. కడుపులో బిడ్డ కదలికని మనం పట్టించుకోం. మొదటిసారి చెయ్యి వేసుకుని కూర్చునేవాళ్ళం, ఇప్పుడు అంత తీరికేదీ? ఏడో నెల వచ్చాక రోజూ మధ్యాహ్నం పిల్లాడు పడుకున్న వేళ మీరూ ఎడమవైపు ఒత్తిగిలి పడుకుని కదలికలు చూసుకోండి. గిన్నెలు ఆ తరవాత తోముకోవచ్చు. కదలిక తగ్గినట్టు అనిపించినా, రక్తం కనబడినా, ఉమ్మనీరు కారినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా, ముఖం చేతులు వాచినా పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదలాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి. చంకనేసుకునైనా బయల్దేరండి, లేదా 108కి ఫోన్ చెయ్యండి.

పెద్దబిడ్డ టీకా కార్డు తెరవండి

ఏడాదిన్నర టీకాలు, అంటే రెండో ఎంఆర్, డీపీటీ బూస్టరు, 16 నుంచి 24 నెలల మధ్య పడాలి. విటమిన్ ఏ ద్రావణం ఆరు నెలలకోసారి అయిదేళ్ళు నిండేవరకూ. ఏదైనా మిగిలిపోతే ఇప్పుడే వేయించేయండి. బాలింతగా ఉండి జ్వరమొచ్చిన రెండేళ్ళ పిల్లాణ్ణి చూసుకోవడం చాలా కష్టం.

ఎప్పుడు చెప్పాలి, ఏమని చెప్పాలి

మూడో నెలలోనే చెప్పేస్తే వాడికి ఎదురుచూపు తప్ప ఏమీ మిగలదు. రెండేళ్ళ పిల్లలకి రేపు అంటేనే సరిగ్గా తెలియదు. పొట్ట బాగా కనబడి, నలుగురూ దాని గురించి మాట్లాడుకోవడం మొదలయ్యాక చెప్పండి. ఇంకొకరి నోట వినకముందే మీ నోటితో చెప్పండి. నెలల లెక్క వద్దు, వాడికి తెలిసిన గుర్తు పెట్టండి. మాకు విజయనగరంలో ఆ గుర్తు పైడితల్లమ్మ పండగ. దసరా వెళ్ళిన మంగళవారం సిరిమాను తిరుగుతుంది కదా. "సిరిమాను చూసి వచ్చేస్తాం, అప్పుడు చలేస్తుంది, స్వెట్టరు వేసుకుంటాం, అప్పుడు పాపో బాబో వస్తారు" అని చెప్పాను. సిరిమాను వెళ్ళిన మర్నాటి నుంచి స్వెట్టరు ఏదని రోజూ అడిగాడు.

తమ్ముడు వస్తాడని గానీ, చెల్లి వస్తుందని గానీ మాట ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్ళు తమ్ముడు తమ్ముడు అని వాడికి నూరిపోస్తుంటే ఆపండి. లింగ నిర్ధారణ చట్టరీత్యా నేరం, 1994 నుంచి దానికి చట్టమే ఉంది. ఆ ఆశేదో పిల్లాడి నోట పలికించడం అంతకన్నా మంచి పనేమీ కాదు. "నీతో ఆడుకోడానికి వస్తున్నారు" అని కూడా అనొద్దు. పుట్టిన బిడ్డ ఆడుకోదు. పడుకుంటుంది, ఏడుస్తుంది, పాలు తాగుతుంది, మళ్ళీ పడుకుంటుంది. ఉన్నదున్నట్టు చెప్పండి. చుట్టాల్లో ఎవరికైనా నెలల బిడ్డ ఉంటే తీసుకెళ్ళి చూపించండి. మా పెద్దాడు నరసన్నపేటలో మా పిన్ని మనవరాలిని చూసి, చాలాసేపు చూసి, "పళ్ళు లేవు" అన్నాడు. ఆ ఒక్క మాటతో వాడికి చాలా అర్థమైందనిపించింది.

ఎత్తుకోవచ్చా అని అందరూ అడుగుతారు. గర్భం మామూలుగా సాగుతుంటే, డాక్టరు వద్దనకపోతే, కొన్నాళ్ళ వరకూ పరవాలేదు. నిలబడి వంగి ఎత్తకండి, కూర్చుని వాణ్ణే ఎక్కనివ్వండి. నెలలు నిండేకొద్దీ ఎత్తడం తగ్గించాల్సిందే. అప్పుడు "పాప ఉంది, ఎత్తుకోకూడదు" అనొద్దు. ఆ మాటతో పుట్టకముందే చెల్లి మీద తగువు పెట్టినట్టు. "అమ్మ కూర్చుంటుంది, నువ్వు ఒళ్ళోకి రా" అనండి. ఒళ్ళోకి వస్తే చాలు వాడికి.

మారాల్సినవన్నీ మూడు నెలల ముందే మార్చేయండి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బిడ్డ పుట్టాక ఏమేం మారిపోతాయో ఒక కాగితం మీద రాసుకోండి. ఎక్కడ పడుకుంటాడు, ఎవరు స్నానం చేయిస్తారు, ఎవరు అన్నం పెడతారు, రాత్రి లేస్తే ఎవరు చూస్తారు. అవన్నీ ఏడో నెల దాటేలోపు మార్చేయండి. బిడ్డ వచ్చిన రోజే పక్క కూడా మారితే, తన చోటు ఎవరు లాక్కున్నారో వాడికి తెలిసిపోతుంది. మూడు నెలల ముందే మారితే అది మామూలు సంగతి అయిపోతుంది.

మా ఇంట్లో పక్కలు కిందే. గోడవైపు వాడు, మధ్యలో నేను, చివర మా ఆయన. ఏడో నెలలో వరస మార్చాం. గోడవైపు వాడు, పక్కన వాళ్ళ నాన్న, చివర నేను. మూడు రాత్రులు నాన్న మీంచి పాక్కుంటూ నా దగ్గరికి వచ్చాడు. వచ్చినవాణ్ణి తిప్పి పంపలేదు, నిద్రపోయాక మా ఆయన ఎత్తి అవతల పడుకోబెట్టేవారు. నాలుగో రాత్రి నా పాత నూలు చీర కొంగు చింపి చేతికిచ్చారు. దాన్ని వేలికి చుట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రి నాకే నిద్ర పట్టలేదు.

స్నానం మా అత్తయ్యకి అప్పగించాను. సాయంత్రం అయ్యకోనేరు గట్టు వైపు తిప్పడం వాళ్ళ నాన్నకి. మా ఆయన రోజూ విశాఖ వెళ్ళి వచ్చే ఉద్యోగం, ఇంటికి చేరేసరికి ఎనిమిది. కాబట్టి షికారు ఆదివారానికే పరిమితమైంది, రాత్రి పక్క మాత్రం ఆయనదే. మగవాళ్ళు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉండే ఇళ్ళు మన జిల్లాల్లో ఎక్కువ. అలాంటి ఇళ్ళలో ఈ చోటు నాన్నమ్మదో, అమ్మమ్మదో, మేనత్తదో కావాలి. ఎవరైనా సరే, ముందునుంచీ అదే మనిషి ఉండాలి.

పాలు. ఇది పెద్ద విషయం. కడుపుతో ఉన్న తల్లి పాలు విషమవుతాయని, తాగిన పిల్లకి విరేచనాలు పట్టుకుంటాయని మన వైపు గట్టిగా నమ్ముతారు. అది నిజం కాదు. గర్భం మామూలుగా ఉంటే పాలివ్వడం తప్పేమీ కాదు. నెలలు నిండకుండా కాన్పు అయిన చరిత్ర ఉన్నా, రక్తం కనబడుతున్నా డాక్టరుని అడగాలి. నాలుగైదు నెలలకి పాలు తగ్గుతాయి, రుచి మారుతుంది, చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వదిలేస్తారు. వదలకపోతే ఒక్కో పూటా తగ్గించండి. మొదట మధ్యాహ్నానిది, తరవాత పొద్దున్నది, అన్నిటికన్నా చివర రాత్రిది. వేపాకు ముద్ద రాయడం నాకు నచ్చదు. ప్రాణంగా చూసుకునే చోటే చేదు తగిలితే ఆ పిల్లాడు ఇంకెక్కడికి వెళ్తాడు? రాత్రి పాల బదులు మా అత్తయ్య మరచెంబులో నీళ్ళు పెట్టుకుని కాకి కథ చెప్పేవారు. మూత తిప్పడం వాడి పని. పది రోజుల్లో పాల మాట మరిచి మూత కోసం ఏడ్చాడు. బిడ్డ పుట్టాక కూడా పెద్దబిడ్డ తాగుతుంటే, ముందు చిన్నదానికి, ఆ తరవాతే పెద్దదానికి. మొదటి రోజుల ముర్రుపాలు చిన్నదానివే.

లాగులో పాస్ పోసుకోకుండా అలవాటు చెయ్యడం ఆరో నెలకి పూర్తయితే సరి, లేకపోతే ఆపేయండి. పురుడయ్యాక చూసుకోవచ్చు. అలవాటైనవాడు కూడా చెల్లి వచ్చాక నెల రోజులు మళ్ళీ తడిపేస్తాడు, దానికి కొట్టకండి. అంగన్‌వాడీకో ప్లే స్కూలుకో పంపాలనుకుంటే కనీసం రెండు నెలల ముందు మొదలుపెట్టండి. పురిటి వారంలోనే బడిలో వేస్తే ఇంట్లోంచి పంపేశారనుకుంటాడు.

ఇరుగుపొరుగు మాటలు

మా వీధి చివర ఒక పెద్దామె ఉంది. మనసులో ఏమీ ఉంచుకోని మనిషి, వాణ్ణి ఎత్తుకుని పెంచిందంటే అబద్ధం కాదు. ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని వాడితో అంది: "ఏరా బావూ, నీ పని అయిపోనాది. సెల్లొచ్చీసినాక నిన్నెవులు సూత్తార్రా? మీయమ్మ ఆస్పత్రికెల్లిపోద్ది, నువ్విక్కడే." అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

మర్నాడు పొద్దున్న నా చెప్పులు కనబడలేదు. గుమ్మం దగ్గర లేవు, మంచం కింద లేవు. కుక్క లాక్కుపోయిందేమోనని మా ఆయన సందు చివరిదాకా చూసి వచ్చారు. మధ్యాహ్నం అత్తయ్య అన్నానికని బియ్యం డబ్బా మూత తీస్తే, రెండు చెప్పులూ పక్కపక్కన జతగా, బియ్యంలో సగం కూరుకుని ఉన్నాయి. ఎందుకురా అంటే, నా వంక చూడకుండా, "చెప్పుల్లేపోతే అమ్మ ఎల్లదు" అన్నాడు.

రెండేళ్ళ పిల్లలకి వేళాకోళం తెలియదు. విన్నదల్లా నిజమే. "నిన్ను అమ్మమ్మోళ్ళింటికి పంపేస్తాం", "ఈ బొమ్మ ఇక పాపదే", "అల్లరి చేస్తే ఆస్పత్రిలో నిన్నిచ్చేసి కొత్త బాబుని తెచ్చుకుంటాం" అని మన ఇళ్ళలో రోజూ వినబడే మాటలు వాడికి రాత్రి పక్కలో గుర్తొస్తాయి. అన్నవాళ్ళతో తగువు వద్దు. వాళ్ళు ప్రేమతోనే అంటారు, అలా అనకూడదని వాళ్ళకీ ఎవరూ చెప్పలేదు. నేను ఆ పెద్దామె దగ్గరికెళ్ళి చెప్పుల సంగతి చెప్పాను, అంతే. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మర్నాటి నుంచి వాడు కనబడితే "అన్నయ్యగారూ" అని పిలిచేది. మీరూ అలాగే ఒక మాట చేతికివ్వండి. "పెద్దమ్మా, వాడు నిజమనుకుంటున్నాడు, అలా కాకుండా అన్నయ్యవి అవుతున్నావా అని అడగండి" అంటే ఎవరూ కాదనరు. పిల్లాడు వింటుండగానే అనండి. అమ్మ తన పక్షాన ఉందని వాడికి తెలియాలి.

చెప్పుల తరవాత మేం ఒక ఆట మొదలుపెట్టాం. సంచీ సర్దుతాను, వాడు నా చెప్పులు తెచ్చిస్తాడు, "వెళ్ళొస్తా" అంటాను, "ఎల్లిరా" అంటాడు, గేటు దాకా వెళ్ళి వచ్చేస్తాను. మొదటి రోజు పదిసార్లు. తరవాత సందు చివరి దాకా, తరవాత గంటస్తంభం దాకా వెళ్ళి అరటిపళ్ళు కొనుక్కుని. తొమ్మిదో నెల రాకముందు ఒక రాత్రి మా ఆడపడుచు ఇంట్లో పడుకుని పొద్దున్నే వచ్చాను. దొంగచాటుగా మాత్రం ఒక్కసారీ వెళ్ళకండి. పడుకోబెట్టి జారుకుంటే ఆ పూటకి ఏడుపు తప్పుతుంది, తరవాత పడుకోవడానికే భయపడతాడు.

పురుడు ఎక్కడ

తొలికాన్పు పుట్టింట్లో, మలికాన్పు అత్తింట్లో అని మనకో వాడుక. ఈసారి వాడుక కన్నా రెండు విషయాలు చూడండి. ఆస్పత్రి ఎంత దూరం? పెద్దబిడ్డ ఎక్కడుంటే నిద్రపోతాడు? మా అమ్మ నరసన్నపేట రమ్మంది. వాడి పక్క, వాడి మరచెంబు, వాడి నాన్న ఇక్కడున్నారని నేను వెళ్ళలేదు. అమ్మే వచ్చి నెల రోజులుంది. విజయనగరంలో ఘోషాసుపత్రి, శ్రీకాకుళంలో ఇప్పటికీ రిమ్స్ అనే పిలుచుకునే సర్వజన ఆస్పత్రి, పెద్ద కష్టమైతే విశాఖ కేజీహెచ్. ఏది మొదటిదో, ఏది రెండోదో ముందే అనుకోండి, అర్ధరాత్రి వెళ్ళే బండి ఎవరిదో కూడా. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయితే తిరుగు ప్రయాణానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉచితంగా ఇంటి దగ్గర దింపుతుంది.

చిన్నపిల్లల్ని వార్డులోకి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మా ఆయన వాణ్ణి తీసుకొస్తే గేటు దగ్గరే ఆపేశారు. కటకటాల అవతల నేను నిలబడి ఉన్నాను, ఇవతల వాడు. దగ్గరికి వచ్చి కూడా ముట్టుకోలేకపోవడం వాడికి రాకపోవడం కన్నా ఎక్కువ బాధ. తెలిసి ఉంటే ఇంట్లోనే ఉంచేవాళ్ళం.

మీరు లేని రాత్రులకి ఒక కాగితం

మీ సంచీ ఎలాగూ సర్దుకుంటారు. ఆధారు, తల్లీబిడ్డల కార్డు, స్కానింగు కాగితాలు, ఉతికి ఎండలో ఆరేసిన పాత నూలుచీరల పొత్తిగుడ్డలు. పెద్దబిడ్డకి కూడా ఒక కాగితం రాసి గోడకి అంటించండి. వాడి మాటలకి అర్థాలు రాయాలి. మా వాడు "అమ్మ బూ" అంటే దాహం. "గుయ్" అంటే ఫ్యాను వెయ్యమని. "ఇంకటి" అంటే ఆకలి తీరలేదని కాదు, పక్కన కూర్చోమని. మా అమ్మకి ఇవేవీ తెలియవు, మొదటి రాత్రి ఆ కాగితం మూడుసార్లు చదువుకుందట. ఏ పాట పాడితే పడుకుంటాడు, కందికట్టు అన్నంలో కారం తగలకూడదా, రాత్రి పాస్‌కి ఎన్నింటికి లేస్తాడు, అన్నీ రాయండి.

మీరు కట్టి విడిచిన చీర ఒకటి ఉతక్కుండా వదిలి వెళ్ళండి. వాడి దిండు మీద పరవమని చెప్పండి.

మొదటి చూపు

బిడ్డతో ఇంటికొచ్చాక పెద్దబిడ్డ గదిలోకి వచ్చే సమయానికి మీ చేతులు ఖాళీగా ఉండాలి. చిన్నదాన్ని మంచం మీదో, అమ్మమ్మ ఒడిలోనో ఉంచండి. ముందు వాడు మీ ఒళ్ళోకి రావాలి. ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండాలి. చెల్లిని చూడు చూడు అని అందరూ తొందరపెడతారు, ఆపండి. మా వాడు నా మెడ పట్టుకుని చాలాసేపు కదల్లేదు. తరవాత తనే తల తిప్పి, మంచం వంక చూసి, "పళ్ళు లేవు" అన్నాడు.

పురిటి గది

మైల, పత్యం, నలుగు స్నానం ఎవరి ఇంటి పద్ధతి వాళ్ళది. అత్తగారితో తగువు పెట్టుకోమని నేను చెప్పను. కానీ పదకొండు రోజులు పెద్దబిడ్డ తల్లిని ముట్టుకోకూడదంటే మాత్రం ఒప్పుకోవద్దు. "వాడి చేతులు కాళ్ళు కడిగి పంపండి, నా దగ్గరే ఉంటాడు" అని అడిగితే మా అత్తయ్య ఒక నిమిషం ఆలోచించి సరే అన్నారు. చేతులు కడగడం నిజంగానే కావాలి, వీధిలో తిరిగొచ్చిన పిల్లాడి జలుబు పసిదానికి అంటితే మంచిది కాదు. సాంబ్రాణి పొగ మీ జుట్టుకి పట్టుకున్నప్పుడు ఇద్దరు పిల్లల్నీ వేరే గదిలో ఉంచండి. చెవుల్లో ముక్కులో నూనె, కళ్ళకి కాటుక, నాలిక్కి తేనె ఏవీ వద్దు. గంటలోపు మొదటి పాలు, ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. మీరు మాత్రం నీళ్ళు బాగా తాగండి. బాలింతకి నీళ్ళు తగ్గించడం వల్ల మేలేమీ లేదు.

పాలిచ్చే వేళే పెద్దాడికి ఒళ్ళు గుర్తొస్తుంది. పక్కనే ఒక పెట్టె ఉంచండి, అందులో ఆ వేళకి మాత్రమే బయటికొచ్చే వస్తువులు. పాత తాళాలగుత్తి, మూతలున్న డబ్బాలు, ఒక బొమ్మల పుస్తకం. చిన్నచిన్న నాణేలు, చింతగింజలు వద్దు, అవి చెల్లి నోట్లోకి వెళ్తాయి.

ఇంకో పని చెయ్యండి, నాకు బాగా పనికొచ్చింది. "ఆగరా, చెల్లి ఏడుస్తోంది" అని రోజుకి వందసార్లు అంటాం. అప్పుడప్పుడు తిరగేసి అనండి, వాడికి వినబడేలా. "చెల్లీ, కాస్త ఆగు, అన్నయ్యకి అన్నం కలిపి వస్తా." చిన్నదానికి అర్థం కాదు, నిమిషం ఏడిస్తే ఏమీ కాదు. వాడి మొహం చూడండి అప్పుడు.

చూడ్డానికి వచ్చేవాళ్ళంతా చిన్నదానికే తెస్తారు. దగ్గరివాళ్ళకి ముందే చెప్పండి, గుమ్మంలోకి వస్తూనే పెద్దాణ్ణి పేరు పెట్టి పలకరించమని, "మీ చెల్లిని చూపిస్తావా?" అని వాణ్ణే అడగమని. బారసాలనాడు బియ్యంలో పేరు రాసేటప్పుడు మా ఆయన వాడి వేలు పట్టుకుని రాయించారు. సగం బియ్యం కింద పోసేశాడు, ఎవరూ ఏమీ అనలేదు.

కొడతాడు, కొరుకుతాడు

చేస్తాడు. ముద్దుపెడుతూ పెడుతూ గట్టిగా నొక్కేస్తాడు. అందుకే ఒక్క క్షణం కూడా ఇద్దర్నీ ఒంటరిగా వదలకండి, నీళ్ళ మోటారు ఆపి వచ్చేలోపు కూడా. చీర ఉయ్యాలంటే మరీ జాగ్రత్త. వాడు అందులోకి ఎక్కుతాడు, విసురుగా ఊపుతాడు. నేలకి దగ్గరగా కట్టి, కింద బొంత పరిచి, పక్కన పెద్దవాళ్ళు ఉన్నప్పుడే వాడండి. మిగతా వేళల్లో చిన్నదాన్ని గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టడమే మేలు.

చెయ్యెత్తితే ఆ చెయ్యి పట్టుకోండి. "కొట్టనివ్వను. నీకు కోపమొచ్చింది, నా దగ్గరికి రా" అంటే చాలు. మీరు కొడితే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని కొట్టొచ్చని నేర్పినట్టే. "నువ్వు పెద్దాడివి కదా" అన్న మాట ఎంత తక్కువంటే అంత మంచిది. వాడికి మూడేళ్ళు కూడా లేవు. ఉగ్గుగిన్నెతో పాలు తాగుతానంటే తాగనివ్వండి, పాపలా ఎత్తుకుని ఊపమంటే ఊపండి. మా వాడు వారం రోజులు పొత్తిగుడ్డలో చుట్టమన్నాడు. కాళ్ళు బయటికొచ్చేవి. తరవాత తనే మానేశాడు.

సెలవు, కాగితాలు

నాన్నలకి ఒక మాట. సెలవంతా ఆస్పత్రి రోజులకే ఖర్చు పెట్టేయకండి. అప్పుడు ఇల్లంతా జనమే. అందరూ వెళ్ళిపోయాక, మూడు నాలుగు వారాలకి, ఇంట్లో ఒక బాలింత, ఒక పసిగుడ్డు, ఒక మూడేళ్ళవాడు మిగులుతారు. ఆ వారానికి సెలవు దాచుకోండి. రోజూ పది నిమిషాలు తల్లి పెద్దబిడ్డతో ఒక్కతే ఉండగలిగేలా చిన్నదాన్ని మీరు ఎత్తుకోండి.

జననం 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో తొలికాన్పుకి 5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు తల్లి ఖాతాలో పడతాయి. అర్హత ఉంటే అంగన్‌వాడీ కార్యకర్తని అడిగి దరఖాస్తు పెట్టండి. ఇక పిల్లలు చాలనుకున్నా, ఎడం కావాలనుకున్నా ఆ సంగతి కాన్పుకి ముందే ఇద్దరూ మాట్లాడుకుని డాక్టరుకి చెప్పండి.

పుట్టగానే వేసినవి కాక, ఆరు వారాలకి మళ్ళీ టీకాలు. పెద్దాణ్ణి ఇంట్లో వదలాలా, తీసుకెళ్ళాలా అని నేను తటపటాయించాను. సూది చూసి భయపడతాడేమోనని. తీసుకెళ్ళడమే మంచిదైంది. దారిలో వాడికి చెప్పండి, చెల్లి ఏడుస్తుంది, నీకూ వేశారు, తగ్గిపోయింది అని. ఆ రోజు పొద్దున్న నేను చిన్నదాన్ని ఎత్తుకుని కార్డు వెతుక్కుంటుంటే, వాడు నా చెప్పులు తెచ్చి గుమ్మం ముందు జతగా పెట్టాడు. పక్కన తనవి కూడా పెట్టుకున్నాడు.